కండ్లు మూసుకోండి

పోయిన నెలలో ఒక పొద్దున కోర్టుకు బయలుదేరబోతుంటే షబానా ఫోన్ చేసింది. వనపర్తిలో వాళ్ళ అబ్బా నడిపిన టైలర్ దుకాణాన్ని ఇప్పుడు తనే నడుపుతోంది. ఊరికే మాట్లాడాలనిపిస్తే దుకాణం కట్టేశాక చేస్తుంది. పొద్దున్నే చేసిందంటే ఏదో ఉందన్నమాట. "మంజులా, సిస్టరమ్మ పోయిందే," అంది. ఏ సిస్టరమ్మ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ సిస్టరమ్మ అంటే ఒక్కతే, మేం చిన్నప్పుడు చదివిన సిస్టర్ల బడికి పెద్దగా ఉండిన సిస్టర్ ఎల్సీ. కేరళలో ముసలి సిస్టర్లందరూ కలిసి ఉండే ఇంట్లో నిద్రలోనే ప్రాణం పోయిందట. "సోమవారం బడిల పొద్దుటి ప్రార్థనల ఆమెను యాది చేసుకుంటరంట. పాత పిల్లలను గూడ రమ్మన్నరు. వస్తవా?" అంది. "వస్త," అన్నాను. ఫోన్ పట్టుకొని గడప మీదే కూర్చున్నాను. ఆ రోజు కోర్టుకు ఆలస్యంగా వెళ్ళాను.

నేను నాగర్‌కర్నూల్‌లో వకీలును. నోరు పెట్టుకొని బతికే పని. నా చిన్నతనం ఎరిగినవాళ్ళకు ఇది ఇప్పటికీ నవ్వులాటే. మా ఊరికి పోతే ముసలివాళ్ళు నన్ను చూసి, "మూగపిల్ల వకీలయ్యింది సూడు," అని ఒకరికొకరు చెప్పుకొని మురిసిపోతారు. నేను మూగదాన్ని కాను, ఇంట్లో నా నోటికి మూత ఉండేది కాదు. కానీ బడి గేటు దాటితే చాలు, మాట ఎక్కడికి పోయేదో నాకే తెలిసేది కాదు. మూడో తరగతి నుంచి నాలుగో తరగతి సగం వరకూ ఆ బడిలో నా గొంతు ఎవరూ వినలేదు.

మా ఊరు వనపర్తి నుంచి పెబ్బేరు పోయే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి ఉంటుంది. సిస్టర్ల బడి ఆ రోడ్డు మీదే, మా ఊరు దాటాక పెబ్బేరు వైపు. అంతా మెట్ట. వాన పడితే పల్లీ, పడకపోతే ఆకాశం వైపు చూడటం. ఆ ఏళ్ళలో చూడటమే ఎక్కువ. మా నాయన మల్లేశు వ్యవసాయంతో పాటు పెబ్బేరు సంతలో ఎద్దుల బేరం చేసేవాడు. పళ్ళు పట్టి చూసి ఎద్దు వయసు చెప్పేవాడు. ఇంట్లో పొద్దు మా అవ్వ రొట్టె చప్పుడుతోనే మొదలయ్యేది. అవ్వ అంటే నాయన తల్లి. జొన్నపిండి ముద్దను చేతుల మధ్య తిప్పి తిప్పి, పీట మీద దబదబా కొట్టి, పెనం మీద వేసి, తడి గుడ్డతో నీళ్ళు అద్దేది. కాలిన జొన్న వాసనా, పొయ్యిలో కందికట్టె పొగా, పక్కన రోట్లో దంచిన ఎల్లిగడ్డ కారం వాసనా కలిసి నన్ను లేపేవి. పొయ్యి పక్కన కూర్చుని నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని. పిల్లికి పుట్టిన పిల్లల గురించి, కలలో వచ్చిన రైలు గురించి. "జర ఊపిరి దీసుకోవే," అనేది అవ్వ. ఆమెకు అప్పటికే చూపు సన్నగిల్లింది. నా మాటలే ఆమెకు ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో చెప్పేవి.

ఆ అవ్వ వల్లే నా నోరు మూతపడింది. మూడో తరగతిలో తెలుగు సారు 'మా ఇంటి పెద్దలు' అని రాయమంటే, "మా అవ్వకు కండ్లు కనబడవు" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. సారు గోదావరి వైపు నుంచి వచ్చినాయన. ఇస్త్రీ మడత చెడని తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. చెడ్డవాడు అసలే కాదు, మా అక్షరాలు గుండ్రంగా రావాలని ప్రాణం పెట్టేవాడు. కానీ ఆయన తెలుగులో మా ఇంటి మాటలకు చోటు లేదు. 'కండ్లు' చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "కండ్లేమిటమ్మా, కండలు పెంచినట్టు? కళ్ళు. రాయి, కళ్ళు," అన్నాడు. తరగతంతా నవ్వింది. నవ్విన ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఇంటికి పోతే కండ్లే అంటారు. అయినా నవ్వారు. ఆ మధ్యాహ్నం నాకొకటి అర్థమైంది, నా నోట్లో ఉన్న మాటలు బడికి తేకూడని మాటలని. వేరే మాటలు నా దగ్గర లేవు. ఇక నోరు తెరవడం దేనికి?

షబానా నా పక్కన కూర్చునేది. హాజరు పిలిచినప్పుడు తన పేరుకు ఒకసారి మామూలుగా, నా పేరుకు ఇంకోసారి గొంతు సన్నం చేసి "ప్రెజెంట్ టీచర్" అనేది. అలా చాలా కాలం నేను దాని గొంతుతోనే బడికి హాజరయ్యాను. పంతుళ్ళకు తెలుసు. మంచి పిల్లే, అల్లరి లేదు, పోనీలే అని వదిలేశారు.

నేను నాలుగుకు వచ్చిన ఏడు కేరళ నుంచి సిస్టర్ ఎల్సీ వచ్చింది. బక్కపలుచని మనిషి, పెద్ద పెద్ద అంగలు. ఆమె వస్తుంటే కొబ్బరినూనె వాసన ముందు వచ్చేది, ఆమె తరువాత. వచ్చిన వారంలోనే మా తరగతిలో హాజరు తనే పిలిచింది. నా పేరుకు షబానా గొంతు సన్నం చేసేసరికి పెన్ను ఆపి తలెత్తింది. లేచి నా దగ్గరికి వచ్చి, "నీ పేరు ఏమిటి?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. అడిగిన తరువాత ఆగడం ఆమెకున్న ఒక విద్య. కసరదు, అందించదు, పక్కవాళ్ళను చెప్పనివ్వదు. చేతులు కట్టుకొని, చెరువు నిండటానికి టైం పడుతుంది కదా అన్నట్టు నిలబడుతుంది. ఆ రోజు గంట కొట్టేదాకా నిలబడింది. నేను చెప్పలేదు. "మంచిది. రేపు అడుగుతాను," అని వెళ్ళిపోయింది. మరునాడు అడిగింది. ఆ మరునాడూ అడిగింది.

ఈలోగా ఇంట్లో గొడవ ముదిరింది. సంతలో ఎవరో, "మాట రాని పిల్లకు సిస్టర్ల బడెందుకు మల్లేశా," అన్నారట. నాయనకు అది ముల్లయి గుచ్చుకుంది. ఉప్పునుంతలలో మా మేనత్త ఉంది. ఆమెకు చంటిపిల్లలు, ఎత్తుకోవడానికి మనిషి కావాలి. "దసరా దాంక సూస్త. గప్పటికి గూడ బడిల నోరు తెరవకుంటే అత్త కాడికి పంపిస్త. గాడ్నే ఉంటది," అన్నాడు. అమ్మ ఏడ్చింది. అవ్వ రొట్టె కొట్టడం ఆపింది. మేనత్త ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ పలక పట్టదని మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. దుప్పటి కప్పుకొని నా పేరు నేనే చెప్పుకునేదాన్ని. చక్కగా వచ్చేది. తెల్లారి బడికి పోతే మళ్ళీ అదే గడియ పడేది.

షబానా చెప్పిందో ఏమో, ఒక సాయంత్రం సిస్టర్ ఎల్సీ ఆటో దిగి మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఆమెది పుస్తకాల తెలుగు, వచ్చేముందు ఏదో ఒక వ్యాకరణం ముందేసుకొని నేర్చుకున్నది. మా నాయనకు రెండు చేతులెత్తి దండం పెట్టి, "తమరు ఆసీనులు కండి," అంది. తమరు అంటే ఎవరో వచ్చారేమోనని నాయన వెనక్కి తిరిగి చూశాడు. తరువాత ఆమె, "తమరి కుమార్తెను నాకు ఇచ్చివేయండి. నేను అభివృద్ధి చేస్తాను," అంది. నాయన పరేషాన్ అయిపోయాడు.

"ఇచ్చుడేంది తల్లీ? మాకున్నదే ఒక్క పిల్లనాయె!" అన్నాడు.

అవ్వ గోడకానుకొని వింటూ, "ఈమె మాట పుస్తకంల నుంచి లేచొచ్చినట్టుంది. మీరిద్దరు జర నిమ్మలంగ మాట్లాడుకోండ్రి," అంది.

నిమ్మళంగా మాట్లాడుకుంటే సగం సైగలతో తేలింది. పిల్లను బడి మాన్పించవద్దని ఆమె, దసరా వరకే ఆగుతానని నాయన. పోయేముందు అవ్వ ఆమె చేతిలో వేడి రొట్టె పెట్టింది. దాన్ని ఎలా తినాలో తెలియక సిస్టర్ అంచులు తుంచి తుంచి తింది, కారానికి ముక్కు ఎర్రబడింది. ఆటో ఎక్కుతూ నన్ను చూసి, "నీ పేరు ఏమిటి?" అని అడిగింది. ఆటోవాడు ఇంజను ఆపుకొని కూర్చున్నాడు. నేను నాయన పంచె వెనక్కి పోయాను.

ఇక్కడ మా బడి ప్రార్థన గురించి చెప్పాలి. పొద్దున బడి పిల్లలమంతా ఎర్రమట్టి ఆవరణలో వరసలు కడితే, మైకు ముందు సిస్టర్ నిలబడి "కళ్ళు మూసుకోండి" అనాలి, తరువాత పాట. అయితే మా పలుకులో 'ళ'కు, 'ల'కు పెద్ద తేడా లేదు. సారు చెప్పిన 'కళ్ళు' మా చెవులకు కల్లులాగే వినపడేది. కల్లు మూసుకోండి! ఈతకల్లు కుండల మీద మూతలు పెట్టమన్నట్టు. పిల్లలు నవ్వు ఆపుకోలేక మెలికలు తిరిగేవాళ్ళు. ఇంకా విచిత్రం ఏమిటంటే, సిస్టర్ సొంత భాష మలయాళంలో కూడా 'కళ్ళు' అంటే తాగే కల్లేనట. దేవుడి ముందు నిలబడి పసిపిల్లలతో ఆ మాట అనడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు. అందుకే వచ్చినప్పటి నుంచి ఆ ఒక్క మాటా వేరే టీచరుతో చెప్పించి, తాను పాట దగ్గర నుంచి అందుకునేది. ఈ సంగతి ఆమే తరువాత నాకు చెప్పి పగలబడి నవ్వింది.

దసరా సెలవులు దగ్గరపడ్డ ఒక పొద్దున ఆ టీచరు రాలేదు. సిస్టర్ మైకు పట్టుకొని, గొంతు సవరించుకొని, "కళ్ళు మూసుకోండి," అంది. వెనక వరసలో నుంచి కల్లు గీసే గౌండ్లాయన కొడుకు, "మా నాయన పొద్దుగాల్నే మూసిండు సిస్టర్!" అన్నాడు. ఇక చూడాలి. వరసలన్నీ కూలిపోయాయి. సిస్టర్ ముఖం కందిపోయింది. కోప్పడుతుందనుకున్నాం. ఆమె మైకు కింద పెట్టి మా మధ్యకు నడిచి వచ్చింది.

"నాకు చెప్పండి. దీనిని మీరు ఏమంటారు?" అని వేలితో తన కంటిని చూపించింది.

ఎవరూ పలకలేదు. ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా ఉందని అందరికీ తెలుసు. సారు పక్కనే నిలబడి ఉన్నాడు. పొట్టిదాన్ని కాబట్టి నేను ముందు వరసలో ఉన్నాను. ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వేలు కంటి దగ్గరే ఉంది. "ఏమంటారు?" అని అడిగింది. అడిగి, ఎప్పటిలాగే ఆగింది.

అంతకు ముందు బడిలో నన్ను ప్రశ్న అడిగినవాళ్ళందరికీ జవాబు ముందే తెలుసు. నా పేరు కూడా అందరికీ తెలుసు. నేను తప్పు చెబుతానా లేదా అని చూడటానికే అడిగేవాళ్ళు. ఈమెకు మాత్రం నిజంగా తెలియదు. ఇంత పెద్ద మనిషి, ఇంత బడికి పెద్ద, కంటిని ఏమంటారో తెలియక మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని నన్ను అడుగుతోంది. పాపం అనిపించింది. నిజంగా అంతే, పాపం అనిపించింది.

"కండ్లు," అన్నాను.

"మళ్ళీ చెప్పు."

"కండ్లు, సిస్టర్."

"కండ్లు," అని ఆమె రుచి చూసినట్టు అనుకుంది. "కండ్లు! ఇది ఎంత మంచి మాట. ఇందులో కల్లు లేదు!" అని లేచి, నా చెయ్యి పట్టుకొని మైకు దగ్గరికి తీసుకుపోయింది. మైకు నా ఎత్తుకు దించింది. చెప్పు అనలేదు. పక్కన నిలబడి ఆగింది. నా గుండె చప్పుడు మైకులో వినపడుతుందేమోనని భయమేసింది. "కండ్లు మూసుకోండి," అన్నాను. మైకులో నా గొంతు బడి గోడకు తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఒక్కరు కూడా నవ్వలేదు. వరసలకు వరసలు కండ్లు మూసుకున్నాయి. షబానా ఒక్కతే ఒక కన్ను తెరిచి నన్ను చూస్తోంది.

ప్రార్థన అయ్యాక సిస్టర్ వాన చప్పట్లు కొట్టించింది. అది ఆమె తెచ్చిన ఆట. మొదట ఒక వేలితో అరచేతి మీద చినుకులు, తరువాత రెండు వేళ్ళు, మూడు, చివరికి మొత్తం అరచేతులు. వాన మొహం చూడని ఆ ఏడు మా ఆవరణలో కురిసిన పెద్ద వాన అదే.

తెలుగు సారు గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. ఆయన రెండు మూడు రోజుల తరువాత తరగతిలో, "మీ మంజుల అన్నది తప్పు కాదర్రా. కన్ను చివర 'లు' చేరితే ముందు పుట్టింది కండ్లే. కళ్ళు దాని తరువాతది. ఎర్రసిరా నేనే కొంచెం తొందరపడి పెట్టాను," అన్నాడు. అంత పెద్దాయన పిల్లల ముందు ఆ మాట అనడం ఇప్పుడు తలచుకుంటే గొప్పగా ఉంటుంది. నేను నేర్చుకున్న మంచి తెలుగంతా ఆయన పెట్టిన భిక్షే.

ఇక నాయన సంగతి. సంత నాడు పొద్దున్నే ఎద్దును తోలుకొని పెబ్బేరు పోవడానికి మా బడి ముందు నుంచే దారి. మర్నాటి నుంచి సిస్టర్ మైకు దగ్గర నన్నే నిలబెడుతోందని నేను ఇంట్లో చెప్పాను గానీ, నాయన నమ్మలేదు. నా కబుర్లలో పిల్లులూ రైళ్ళూ ఎలాంటివో ఇదీ అలాంటిదే అనుకున్నాడు. ఆ సంతనాడు గేటు ముందుకు వచ్చేసరికి మైకులో నా గొంతు వినపడింది. ప్రార్థన అయి అందరూ కదిలాక చూస్తే, గేటు అవతల నాయన నిలబడి ఉన్నాడు. తలకు చుట్టిన తువ్వాల చేతిలో ఉంది. కండ్లు మూసుకునే ఉన్నాడు. పగ్గం జారిపోయి ఎద్దు గోడ పక్కన గడ్డి వెతుక్కుంటోంది.

పరుగెత్తి వెళ్ళి, "నాయనా, అయిపోయింది, తెరువు," అన్నాను.

"నువ్వు మూసుకోమంటివి, నేను మూసుకున్న. తెరువుమని ఎవరు చెప్పలేదాయె," అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత ఎద్దు పగ్గం పట్టుకొని, "ఉప్పునుంతల పోవుడు లేదు తియ్యి," అని, నా వైపు చూడకుండా సంతకు పోయాడు.

ఆ తరువాత సిస్టర్ తన వ్యాకరణాన్ని అటక మీద పడేసి మధ్యాహ్నం అన్నం బెల్లులో నన్ను, షబానాను కూర్చోబెట్టుకొని తెలుగు నేర్చుకుంది. "ఇదేంది?" అని ఊడ్చే పొరకను, ముఖం తుడుచుకునే దస్తీని, ఎల్లిగడ్డను చూపించేది. తమ డబ్బాల్లో రొట్టెలున్నాయని సిగ్గుపడి మూత చాటున తినే పిల్లల దగ్గరికి పోయి, "జర నాకు పెట్టవా బిడ్డా?" అని చెయ్యి చాపేది. ఏడాది తిరిగేసరికి మా నాయనను చూసి, "ఏంది మల్లేశన్నా, పల్లి ఎట్లుంది?" అని పలకరించేది. నాయన పొంగిపోయి, "కేరళామె కాదురా, మన పక్కూరామెనే," అనేవాడు.

ఆమె దృష్టిలో ఘనకార్యం అంటే వేరు. షబానా చేతిరాతకు వనపర్తిలో బహుమతి వచ్చింది, గౌండ్లాయన కొడుకుకు నవోదయలో సీటు వచ్చింది, నాకు నాగర్‌కర్నూల్ కథల పోటీలో మూడో బహుమతిగా ఒక సబ్బుపెట్టె వచ్చింది. వీటన్నిటికీ వాన చప్పట్లే. అమ్మానాన్నలు బొంబాయి వలస పోతే తాతతో ఉంటున్న ఒక పాప మొదటిసారి తన జడ తనే అల్లుకొని వచ్చినప్పుడు కూడా అవే వాన చప్పట్లు. ఒక్క వేలు తక్కువ లేదు. నా సబ్బుపెట్టెతో ఆ జడను సమానం చేసిందని నాకు ఆ రోజు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇప్పుడు కోర్టులో సాక్షులు, "నా కండ్లతోని సూసిన సారూ," అని వణుకుతూ చెబుతుంటే తొందరపెట్టబోయి ఆగుతాను. అడిగిన తరువాత ఆగడం నాకు లా కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

సోమవారం నాయనను వెంటబెట్టుకొని బడికి వెళ్ళాను. షబానా గేటు దగ్గరే ఉంది. ఎర్రమట్టి మీద ఇప్పుడు రంగు సిమెంటు బిళ్ళలు పరిచారు. గోడ మీద కెమెరాలు. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని ప్రతి తరగతి ముందూ బోర్డు ఉంది. నేనేం పెద్ద మాటలు చెప్పను, నా కొడుకు చదివేదీ ఇంగ్లిష్ మీడియమే, ఇంట్లో వాడి హోంవర్కు దగ్గర నేనూ వాడితో ఇంగ్లిషే మాట్లాడతాను. పిల్లలు శుభ్రంగా, నదురూ బెదురూ లేకుండా ఉన్నారు. సంతోషమే. అయినా ఆవరణలో నిలబడితే ఎవరో పరాయి ఇంటికి వచ్చినట్టే అనిపించింది. మల్లెల దండ వేసిన సిస్టర్ ఫొటో ఒక్కటే నన్ను గుర్తుపట్టినట్టుంది.

ఇప్పటి హెడ్మాస్టరమ్మ జార్ఖండ్ నుంచి వచ్చిన చిన్న వయసు సిస్టర్. మమ్మల్ని ముందు కుర్చీల్లో కూర్చోబెడుతూ, "ప్రార్థన అంతా ఇంగ్లిష్‌లోనే. మొదటి మాట మాత్రం తెలుగులో ఉంటుంది. అది ఈ బడి ఆచారం. కొత్తగా చేరి మాట్లాడటానికి భయపడే పిల్లలతో చెప్పిస్తాం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు," అంది. నేను చెప్పబోయాను. షబానా ఆగమన్నట్టు నా చెయ్యి గట్టిగా నొక్కింది. అంతలో గంట కొట్టారు.

ఒక చిన్నపిల్ల మైకు దగ్గరికి వచ్చింది. రెండు జడలు, ఒకటి వదులైంది. మైకు ఆ పిల్ల ఎత్తుకు దించారు. పిల్ల పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. గౌను అంచును పిడికిట్లో నలిపింది. ఎవరూ అందించలేదు. ఎవరూ నవ్వలేదు. పంతుళ్ళు గడియారం చూసుకోలేదు. బడి మొత్తం, పిల్లా పెద్దా, చేతులు కట్టుకొని ఆగింది. ఆ ఆగడాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. సిస్టరమ్మ ఎక్కడికీ పోలేదు.

చాలాసేపటికి, సన్నగా, మైకుకు కూడా సరిగా అందకుండా వినపడింది.

"కండ్లు మూసుకోండి."

మూసుకోబోతూ పక్కకు చూశాను. నాయన తువ్వాల చేతిలోకి తీసుకొని, నాకంటే ముందే మూసుకున్నాడు.